మైకులో చేరిన ప్రార్థన అంశం

తమ్ముడు నతానియేల్‌కు,

అమీర్‌పేట విద్యార్థుల సహవాసంలో నిన్ను ఆత్మీయంగా నడిపించమని పెద్దలు బాధ్యత అప్పగించిన అన్నను, వందనాలు చెప్పి రాస్తున్నాను. నాలుగు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నీ కోపం న్యాయమైనదే.

పంజాగుట్టలో చాయ్ తాగుతూ నువ్వు చెప్పిన రహస్యం నేను మనిషన్నవాడికి చెప్పలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో దేవునికి మాత్రమే చెప్పాను. అప్పుడు మైకు నా చేతిలో ఉంది. కన్నీళ్లు రావడంతో కొంచెం వివరాల్లోకి వెళ్లిపోయాను. అయినా నిరోష పేరు ఎత్తలేదు. "ప్రభువా, గిటార్ వాయించే మా తమ్ముడు ఆకుపచ్చ చున్నీ వేసుకొని పాడే చెల్లెను చూసి తాళం తప్పుతుండు, జర కనికరించు" అన్నాను, అంతే. ప్రార్థన మధ్యలో అందరూ కళ్లు తెరుస్తారని నాకేం తెలుసు? ఆ అమ్మాయి చున్నీని ముఖం మీదికి లాక్కుంది. వాళ్ల నాన్న మాత్రం కళ్లు తెరవకుండానే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు.

ఆదివారం తప్పక రా. ఇకమీదట నీ మాట నా కడుపులోనే దాచుకుంటాను.

మీ హాస్టల్ వార్డెన్ "పైకి పోనియ్య, చిట్టి గీడ ఇచ్చి పో" అంటుండు. ఆయన చేతికిస్తే విప్పి చదువుతాడు, నమ్మలేం. అందుకే దీన్ని మెస్ ముందున్న నోటీసు బోర్డుకు, టిఫిన్ మెనూ పక్కనే గుచ్చి వెళ్తున్నాను.

నీ క్షేమం కోరే అన్న