ఆకుపచ్చ తలుపు జోలికి వెళ్ళకండి

విద్యార్థి తల్లిదండ్రులకు ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలి నమస్కారం.

మన బడిలో నూట పన్నెండు మంది పిల్లలు, నలుగురు టీచర్లు, వానకు కారని గదులు రెండు ఉన్నాయి. ఈ ఏడాది చివరిలోగా తల్లిదండ్రుల సంఘం ఏర్పడకపోతే మన బడిని పెద్ద రోడ్డుకు అవతల ఉన్న బడిలో కలిపేస్తామని విద్యా కార్యాలయం వారు తెలియజేశారు. ఆ రోడ్డు దాటడానికి నాకే పావుగంట పడుతుంది. ఒకటో తరగతి పిల్లల సంగతి మీరే ఆలోచించండి.

కాబట్టి దయచేసి బడికి రండి. మీకు చేతనైన సాయం చేయండి. మా తలుపులు మీ కోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: ఈ రెండు ముక్కలు విడిగా చేత్తో రాస్తున్నాను. పోయిన నెల ఎనభై ఇళ్ళకు ఇదే ఉత్తరం పంపాను. ఒకే ఒక్క జవాబు వచ్చింది. ఆశగా విప్పి చూస్తే నా ఉత్తరమే. వెనకవైపు ఎవరో ఏనుగు బొమ్మ వేశారు. ఏనుగు బాగుంది.

*

పెద్ద మేడమ్ గారికి, తాళాల పని చేసేవాడు దణ్ణం పెట్టి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. చదివిన దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయా? పైగా ఆ సంగతి ఎనభై ఇళ్ళకు రాసి మరీ పంపారా? మీరు చదువుకున్నవారు, లోకం తెలియనివారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు లోకం ఎలాంటిదో.

ఆదివారం పొద్దున్నే వచ్చి చూశాను. మీరన్నది అక్షరాలా నిజం. గేటుకు గొళ్ళెం బదులు చున్నీ ముక్క. మీ గది గడియలో చెంచా దూర్చి ఉంది. నాలుగో తరగతికైతే తలుపు ఉంది గానీ మూయడానికి మనసు రానట్టు గోడకి ఆనుకుని నిద్రపోతోంది. నాకు చేతనైన సాయం ఏదో మీరే అడిగారు కాబట్టి సాయంత్రం దాకా ఉండి ఏడు తలుపులకు, గేటుకు, నీళ్ళ ట్యాంకు మూతకు మంచి తాళాలు బిగించాను. ఇక ఈగ కూడా దూరలేదు.

మీ మేలు కోరే
తాళాలాయన

తా.క.: మనిషి ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు, అందుకే రాయడం. తాళంచెవులు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. సోమవారం ఎవరికైనా బడి లోపల పనిబడితే కబురు పెట్టండి, వచ్చి తీస్తాను.

*

తాళాల మేస్త్రి గారికి నమస్కారం.

సోమవారం నూట పన్నెండు మందికి బడి లోపల పనిబడింది. మీ కోసం మనిషిని పంపాం. మీరు ఎవరిదో లాకరు బాగుచేయడానికి వెళ్ళారట. మూడు పీరియడ్లు వీధిలోనే జరిగాయి. గణితం టైరు పంక్చర్ల కొట్టు ముందు, పద్యాలు బస్ స్టాపులో. రెండో తరగతి మాస్టారు గోడెక్కి లోపలికి దూకబోయి పైదాకా వెళ్ళారు గానీ దూకలేక, దిగలేక మీరొచ్చేవరకు అక్కడి నుంచే హాజరు తీసుకున్నారు.

"తలుపులు తెరిచే ఉంటాయి" అనేది మర్యాదకు రాసే మాట. మేము కోరేది కాపలా కాదు, పిల్లల చదువులో పాలుపంచుకోవడం. మీకు ఆసక్తి ఉంటే శుక్రవారం అయిదో తరగతికి వచ్చి, మీకు తెలిసిన విద్యను పిల్లలతో ఓ గంట పంచుకోండి.

గౌరవంతో,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: టీచర్ల బాత్రూముకు వేసిన తాళం ఎవరికీ రావడం లేదు. ఇది శుక్రవారం దాకా ఆగే విషయం కాదు.

*

పెద్ద మేడమ్ గారికి దణ్ణాలు.

బాత్రూము తాళం బుధవారమే తీసేశాను. సైన్సు టీచరమ్మ గారు నాకు థ్యాంక్స్ చెప్పకుండానే లోపలికి పరిగెత్తారు. నేనేమీ అనుకోలేదు.

శుక్రవారం పాఠం బ్రహ్మాండంగా జరిగింది. ఇరవై ఆరు మంది నా వైపే చూస్తుంటే ఏం చెప్పాలో తోచక సంచిలోంచి తాళాలు తీసి బల్ల మీద పోశాను. అంతే, నేనిక మాట్లాడే పనే లేకపోయింది. తాళాన్ని విప్పి లోపలి పిన్నులు చూపించాను. తలపిన్నుతో ఒక్కోదాన్నీ ఎలా లేపాలో చూపించాను. నలభై నిమిషాల్లో క్లాసు మొత్తానికి పట్టుబడింది.

చివరి బెంచీలో కూర్చునే పాప, రెండు జడలది, మీ క్లాసు టీచరు గారు "అది నోరు విప్పదండీ" అన్న పిల్ల, అందరికంటే ముందు తీసింది. తీసి, తాళాన్ని తన చెవికి ఆనించుకుని మళ్ళీ వేసి, మళ్ళీ తీసింది. "ఎలా తీశావమ్మా?" అంటే, "అది చెప్తోంది, నేను వింటున్నా" అంది. ముప్ఫై ఏళ్ళకు నాకు తెలిసింది ఆ పిల్లకు ఓ పూటలో తెలిసింది. ఇంటికి వెళ్ళేదాకా నాకు అదే ధ్యాస.

మీ శిష్యుడి లాంటి
తాళాలాయన

తా.క.: పిల్లలు మీ బీరువా కూడా తీశారు. మీకు తెలియకుండా మళ్ళీ వేశారు. తీయడం కంటే అదే కష్టం, అందుకని దానికి మార్కులు ఎక్కువ వేయండి.

*

తాళాల మేస్త్రి గారికి,

ఉదయం బడికి వచ్చేసరికి గేటు దగ్గర ముప్ఫై ఒక్క మంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. నా పదిహేడేళ్ళ సర్వీసులో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినవారి రికార్డు మూడు. అందులో ఒకాయన పోస్టుమేన్.

అందరిదీ ఒకటే గోల. వంటింటి అలమరాలు తెరుచుకుంటున్నాయి. దాచిన బిస్కెట్లు దక్కడం లేదు. ఇస్త్రీ చేసే ఆవిడ నాన్నమ్మ పెట్టె తెరుచుకుని, యాభై ఏళ్ళ కిందటి ప్రేమలేఖ ఒకటి బయటపడింది. రాసింది తాతయ్య కాదు. వడ్రంగి మేస్త్రి గారైతే "మీ బడిలో చదువు చెప్తారని పంపాం గానీ దీనికా?" అని నా బల్ల మీద గుద్దారు. బల్ల కాలు ఊడింది. తల వంచుకుని తనే దాన్ని బిగించి, పనిలో పనిగా మిగతా బల్లలు కూడా చూసి వెళ్ళారు.

మీకు చెప్పాల్సిన సంగతి మరొకటి ఉంది. మన బడికి గ్రంథాలయం ఉంది. తొమ్మిదేళ్ళ కిందట లెక్క తేలలేదని కార్యాలయం వారు తాళం వేసి, లక్క సీలు కొట్టి వెళ్ళారు. సీలు వేసినాయన బదిలీ అయ్యాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నేను రాసిన ఇరవై రెండు ఉత్తరాలకూ "పరిశీలనలో ఉంది" అనే జవాబు. లోపల పుస్తకాలను చెదలు తప్ప ఎవరూ చదవడం లేదు. మీరు దయచేసి ఆ గది జోలికి వెళ్ళకండి. వరండా చివర, ఎడమ చేతి వైపు, ఆకుపచ్చ తలుపు. మరొక్కసారి చెబుతున్నాను, వెళ్ళకండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: బుధవారం మధ్యాహ్నం మా నలుగురికీ శిక్షణ ఉంది. బడిలో ఎవరూ ఉండరు. ఇది సమాచారం మాత్రమే.

*

పెద్ద మేడమ్ గారికి దణ్ణాలు.

మీరు నిశ్చింతగా ఉండండి. ఆ ఆకుపచ్చ తలుపు వైపు నేను కన్నెత్తి చూడలేదు. బుధవారం ఎవరూ ఉండరని రాశారుగా, ఎవడైనా దాని మీద చెయ్యి వేస్తాడేమోనని మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరు తల్లులు చీపుళ్ళు, బకెట్టు పట్టుకుని వచ్చారు. "మేడమ్ గారు బుధవారం ఎవరూ ఉండరని మాకూ రాశారు" అన్నారు. గట్టిగా మందలించి పంపేశాను.

మీ మాట జవదాటని
తాళాలాయన

తా.క.: వడ్రంగాయన కూడా వచ్చాడు. నన్ను చూసి తల కొట్టుకుని వెళ్ళిపోయాడు. తలనొప్పిలా ఉంది పాపం.

*

తాళాల మేస్త్రి గారికి,

మీ విధేయతకు జోహార్లు. అది చదివాక నాకూ తలనొప్పి వచ్చింది.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. కొన్ని మాటలు కాగితం మీద పెట్టలేను. కాగితం మీద పెట్టగలిగిన మాటలు ఇవీ: ఆ తాళాన్ని తాకవద్దు, ఆ లక్కను చెరపవద్దు. ఈ రెండూ తప్ప ఈ ప్రపంచంలో నేను మీకు దేన్నీ వద్దని చెప్పడం లేదు. దయచేసి ఈ ఉత్తరాన్ని వడ్రంగి మేస్త్రి గారికి చూపించి, ఆయన చెప్పే అర్థం వినండి.

ఆశ వదలని
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: శనివారం మాకు మళ్ళీ శిక్షణ ఉంది. ఈసారి స్టూలు తెచ్చుకోకండి.

*

పెద్ద మేడమ్ గారికి దణ్ణాలు.

వడ్రంగాయన మీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. నాకు అర్థమయ్యేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

తాళం తాకలేదండీ. లక్క చెక్కు చెదరలేదు. ఆయన మడతబందుల మేకులు పీకి, తలుపు రెండు రెక్కలనూ తాళంతో సహా ఎత్తి గోడకి ఆనించాడు. అంత మంచి తాళాన్ని ఇంతలా అవమానించడం నేనెప్పుడూ చూడలేదు. అది చూడలేక కాసేపు అటు తిరిగి నిలబడ్డాను.

లోపల దుమ్ము మోకాలి దాకా ఉంది. పుస్తకాలు ఆరువందల చిల్లర. చెదలు తిన్నవి పోగా నాలుగువందలు బాగున్నాయి. నలభై మంది దాకా వచ్చాం. ఇస్త్రీ ఆవిడ ముడుచుకుపోయిన పేజీలను ఒక్కోటీ మెల్లగా ఇస్త్రీ చేసింది. పంక్చర్లాయన ఊడిన అట్టలను తన దగ్గరున్న జిగురుతో అతికించాడు. అవి ఇక జన్మలో ఊడవు, కొన్ని తెరుచుకోవు కూడా. మంగలాయన ఒక కథల పుస్తకం తుడుస్తూ తుడుస్తూ పైకి చదవడం మొదలుపెట్టాడు. అందరం పని ఆపేసి కింద కూర్చున్నాం. రెండు జడల పాప వాళ్ళమ్మ ఒడిలో కూర్చుని, "తర్వాత?" అంది. అందరికీ వినబడేట్టు అంది. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుని, దుమ్మండీ అంది.

మీ
తాళాలాయన

తా.క.: ఇకనుంచి పిల్లలు లోపలికి వెళ్ళగానే తలుపును మళ్ళీ దాని చోటే నిలబెట్టేస్తాం. కార్యాలయం వాళ్ళు అడిగితే తాళం భద్రంగా ఉందని ధైర్యంగా రాయండి. సీలు వాసన చూసినా తేడా తెలియదు.

*

తాళాల మేస్త్రి గారికి,

నిన్న కార్యాలయం నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. తాళం చూశారు, సీలు చూశారు, తృప్తిగా తలూపారు. తర్వాత కిటికీలోంచి లోపల పుస్తకాలు చదువుకుంటున్న ఇరవై మంది పిల్లలను చూశారు. మళ్ళీ సీలు చూశారు. చివరికి "తాళం పటిష్ఠంగా ఉన్నది, గ్రంథాలయం చక్కగా వినియోగంలో ఉన్నది" అని రెండు ముక్కలూ ఒకే కాగితం మీద రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది సంఘం. ఆదివారం సమావేశానికి అరవై నాలుగు ఇళ్ళవారు వచ్చి, మిమ్మల్ని ఏకగ్రీవంగా అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. దరఖాస్తు ఫారం జతచేశాను. "విద్యార్థి పేరు, తరగతి" అన్న గడి ఒక్కటే ఖాళీ. సోమవారంలోగా నింపి పంపండి.

అభినందనలతో,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: సమావేశంలో మీ పేరు చెప్పగానే మీరు కిటికీలోంచి దూకి వెళ్ళిపోయారని విన్నాను. తలుపు తెరిచే ఉందట కదా.

*

పెద్ద మేడమ్ గారికి,

ఈ ఉత్తరం ఎనిమిదిసార్లు రాసి చించాను.

ఆ గడి నేను నింపలేను, ఫారం దీనితో పాటే పంపుతున్నాను. నాకు పిల్లలు లేరు. అసలు పెళ్ళే కాలేదు. మీ మొదటి ఉత్తరం నాది కాదండీ. నాకంటే ముందు ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళది. నేను దిగిన వారానికి వచ్చింది. నాకు కరెంటు బిల్లు తప్ప కాగితం రాక ఏళ్ళయింది. "దయచేసి రండి, మీకు చేతనైన సాయం చేయండి" అని ఎవరో చేత్తో సంతకం పెట్టి మరీ రాశారు. అది నాక్కాదని తిప్పి పంపడానికి మనసొప్పలేదు. ఒక్కసారి వెళ్ళొద్దాం అనుకున్నాను. తర్వాత మానడం నా వల్ల కాలేదు.

మోసం చేశాను. వేరేవాళ్ళని పెట్టుకోండి. నావల్ల సంఘం ఆగిపోతే ఆ చిన్నపిల్లలు రోడ్డు దాటాల్సి వస్తుంది. అది తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

క్షమించమని అడిగే ముఖం లేని
తాళాలాయన

తా.క.: శుక్రవారం పాఠానికి మాత్రం వేరేవాళ్ళు దొరికేదాకా నేనే వస్తానండీ. స్ప్రింగు తాళం సగంలో ఉంది.

*

సంఘం అధ్యక్షుల వారికి,

మీకు పిల్లలు లేరని నాకు మీ మొదటి ఉత్తరం అందిన రోజే తెలుసు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల ఉత్తరాల్లో పిల్లల మీద ఫిర్యాదైనా ఉంటుంది, పొగడ్తైనా ఉంటుంది. మీ ఉత్తరంలో గొళ్ళాల గురించి తప్ప ఏమీ లేదు. అనుమానం వచ్చి రిజిస్టరు తీశాను. ఆ ఇంటి పిల్లలు టీసీ తీసుకుని వెళ్ళి ఏడాది దాటింది. నేనే పాత జాబితా చూసి కవరు రాశాను.

అప్పుడే మీకు చెప్పి ఉండాల్సింది. కానీ ఎనభై ఉత్తరాలకు వచ్చిన ఒకే ఒక్క జవాబును ఎలా వదులుకోను? మోసం అంటారా, ఇద్దరం చేశాం.

ఇక ఫారం సంగతి. నిబంధనలో "తల్లి, తండ్రి లేదా సంరక్షకుడు" అని ఉంది. నిన్న సాయంత్రం అందరినీ పిలిచి విషయం చెప్పాను. ఇస్త్రీ ఆవిడ లేచి, "బడివేళల్లో మా వాడికి సంరక్షకుడు ఆయనే, రాసుకోండి" అని సంతకం పెట్టింది. వడ్రంగి మేస్త్రి గారు పెట్టారు. రెండు జడల పాప వాళ్ళమ్మకు సంతకం రాదు. పాప చెయ్యి పట్టుకుని దిద్దించింది. చివరికి అందరూ పెట్టారు. గడిలో చోటు చాలక నాలుగు కాగితాలు జతచేసి, నూట పన్నెండు పేర్లతో ఫారం పంపేశాను. మీ సంతకం ఒక్కటే బాకీ, దాన్ని విడి కాగితం మీద పంపుతాను. రేపు ఉదయం తొమ్మిదింటికి రండి. ఈసారి కబురు పంపను.

మీ
పెద్ద మేడమ్

తా.క.: కార్యాలయం నుంచి అప్పుడే ఫోను వచ్చింది. "ఒకే మనిషికి అయిదో తరగతిలోనే ఇరవై ఆరుగురు పిల్లలా? ఇదెలా సాధ్యం?" అని అడుగుతున్నారు. అధ్యక్షుల వారినే అడగమన్నాను. మీకు నోరు పెగలదని తెలుసు, రాసి ఇవ్వండి.