తేలికైన తుపాకీ స్టాండు నేనే ఏరినాను

ఆదోనిలో ఉండే మా అన్న హనుమంతుకు తమ్ముడు నర్సింహులు దండాలు పెట్టి రాసుకునేది.

నేనీడ బాగుండాను. నువ్వు, వదిన, పిల్లోల్లు ఎట్లుండారు? అమ్మ మోకాళ్లు ఎట్లుండాయి? ఫోన్లో సెప్తే అమ్మ పక్కనుండి ఇంటాది. అందుకే కింద టౌన్లో పనిచేసే ఎమ్మిగనూరాయన ఊరికొస్తాంటే ఈ కాగితం ఇచ్చి పంపిస్తాండా. అమ్మకు సదివి ఇనిపించొద్దు.

ఈ కిర్గిజ్ కొండల్లో అప్పుడే సలి మొదలాయె. పొద్దున రొట్టె, రాత్రి గొర్రె కూర, కారమనేదే లేదు. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి కోసం ప్రాణం కొట్టుకుంటాది. తెలుగు మాట్లాడి పది దినాలాయె. నా పని నీకు తెలుసు కదా, కొండమేకల్ని కాల్చనీకి వచ్చే దొరల సామాన్లు మోసేది. మన కంది చేను జింకలు మేసిపోతే, ముట్టుకుంటే కేసని మనం డబ్బాలు కొట్టి అదిలిచ్చేది. ఈల్లు కొమ్ముల కోసం దుడ్డు కట్టి కాలుస్తారు. థూ!

అసలు సంగతి సెప్తా, కోపం చేసుకోవద్దు. పోయిన నెల మా యజమాని బైపాడ్ కొనాలన్నాడు. తుపాకీ మూతి కింద బిగిచ్చే రెండు కాళ్ల స్టాండు అది, పండుకోని కాల్చేటప్పుడు తుపాకీ కదలకుండా. దుకానంలో మూడు నా ముందర పెట్టి, "మోసేటోడివి నువ్వు, నువ్వే సెప్పు" అన్నాడు. మార్కెట్ యార్డులో పదేండ్లు పత్తి బోరేలు మోసినోన్ని, సేత్తో ఎత్తితే తూకం సెప్తా. అన్నిట్లోకి తేలికది ఏరిచ్చినా. దాని కాళ్లు పొట్టి, మెడ పక్కకు తిరగదు. చూడలేదని అబద్ధం సెప్పను అన్నా, చూసినా. కుడి భుజం పుండై ఉండె, దాని మాటే ఇన్నా. ఇంతా చేసి తగ్గింది రెండు గుప్పిళ్ల శెనక్కాయల బరువు.

పోయిన వారం ఒక దొర కాల్చనీకి పండుకుంటే, కొండ వాలులో స్టాండు ఒక కాలు పైన, ఒక కాలు కింద. మెడ తిరగకపాయె, తుపాకీ ఒరిగిపాయె. గుండు మేక కడుపుకు తగిలె. రక్తం కార్చుకుంటా లోయలోకి పాయె పాపం. రెండు దినాలు ఎతికినా, దొరకలే. దొర నోటికొచ్చినట్ల తిట్టినాడు. యజమాని నాకల్లి ఏలు చూపిచ్చి, "ఈయప్పే ఏరినాడు" అన్నాడు. కొండకైతే కాళ్లు సాగేది, మెడ తిరిగేది తీసుకోమని దుకానపాయన యజమానితోనే సెప్పినాడు అన్నా! అప్పుడు ఇనలే. తప్పు మోయనీకి మాత్రం నేను గుర్తుకొస్తి.

నిన్ను రెండో మనిషిగా పిలిపిస్తానన్న మాట ఆడికి పాయె. "మీ వోడు ఇంకొకడు నాకొద్దు" అనేసినాడు. నువ్వు యార్డులో పని ఇడిసిపెట్టినావని వదిన సెప్పింది. మేస్త్రీ కాళ్లు పట్టుకోనైనా మళ్లీ చేరు. నీ తమ్ముడు చెడగొట్టినాడని సెప్పు, పర్వాలేదు.

పెద్దమ్మకు, మామకు నా దండాలు. బాగా తిట్టుకో, తిట్టినాక దీవించు. నువ్వొస్తే మోస్తావని తీసిపెట్టిన మూట గూడా నిన్నట్నుంచి నా ఈపు మీదే ఎక్కిస్తాండారు. నువ్వొచ్చింటే బాగుండు అన్నా.

నీ తమ్ముడు
నర్సింహులు