ఒక్క గుమ్మడికాయ చాలు, బాబాయ్

బాబాయ్,

నీ జీవితకాలపు కృషిని నేలమట్టం చేసినందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. జగ్గయ్యపేటలో మన ఇంటర్నెట్ సెంటరు నడిపే ప్రతి వెబ్‌సైటు ఫైల్లోనూ నువ్వు అవే భద్రతా నియమాలను, గుమ్మం గుమ్మానికీ గుమ్మడికాయ కట్టినట్టు, విడివిడిగా రాసేవాడివి. నువ్వు పోయాక నందిగామ కాలేజీ సైటుకు రాయడం మర్చిపోయాం. పిల్లల మార్కులు దారినపోయేవాళ్ళందరికీ కనిపించాయి.

"ఇంకోసారి ఇలా అయితే సెంటరు మూసేస్తానురా!" అంది పిన్ని.

ఇప్పుడు ఆ నియమాలన్నీ సైట్లలోంచి తీసేసి ఒకే ఫైల్లో పెట్టాను. ప్రతి సైటూ ఒక్క లైనుతో ఆ ఫైల్ని పిలుచుకుంటుంది. నిన్న కొత్త సైటు పిన్నే పెట్టింది.

"ఇంతేనా? దీనికి మీ బాబాయి పూటంతా కూర్చునేవారు గదరా! ఇంకో రెండు సైట్లు ఒప్పుకుందాం."

అందరూ నన్ను మేధావి అంటున్నారు, నేనూ కాదనడం లేదు. నీకు మాత్రం నిజం చెబుతున్నా. కొత్తగా ఒక్క నియమం కూడా రాయలేదు బాబాయ్, నువ్వు రాసినవే కాపీ కొట్టా.