ఖాయమేనా అని అడిగిన కంప్యూటర్

బుజ్జమ్మకి బాబాయి దీవెనలు.

మన ముందుగది స్టూడియోలో కంప్యూటర్ మౌస్ చచ్చింది. "కొత్తది కొనరాదూ" అంది మీ పిన్ని. ఆవిడ చెప్పింది గనక కొనను. మౌస్ లేకపోయినా నల్ల తెరమీద టైపు చేసి పనులన్నీ చేసుకోవచ్చని నువ్వే అన్నావుగా! పై ఆదివారంలోపు పెళ్లి ఫొటోలు ఇవ్వకపోతే పెళ్లికూతురి తండ్రి నన్ను ఉతికి ఆరేస్తాడు. కళ్లు మూసుకున్న ఫొటోలు తీసేసి, మిగతావి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. కాయితం మీద రాసి పంపు.

ఇట్లు, మీ బాబాయి

తా.క. మీ పిన్నికి చెప్పకు. నవ్వుతుంది.

బాబాయికి నమస్కారం.

కీబోర్డులో కిటికీ బొమ్మ మీటా, ఆర్ మీటా కలిపి నొక్కి, సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కు. నల్ల తెర వస్తుంది. సీడీ అని ఫోల్డర్ పేరు కొడితే అందులోకి వెళ్తావు. కాపీ అంటే ఎక్కిస్తుంది, డెల్ అంటే చెరిపేస్తుంది. ఏ ఫొటోకి ఆ ఫొటో పేరు విడిగా కొట్టాలి. విసుగొచ్చి నక్షత్రం గుర్తు కొట్టావో, ఫోల్డర్ మొత్తం ఊడ్చేస్తుంది!

ఇట్లు, బుజ్జమ్మ

తా.క. తెరకి దండాలు పెట్టనక్కర్లేదు.

బుజ్జమ్మకి దీవెనలు.

విసుగొచ్చింది. డెల్ పక్కన నక్షత్రం కొట్టాను. కోప్పడకు, ముందు విను. తెర ఏమీ చెరపలేదు. "ఖాయమేనా? అవునంటే వై, కాదంటే ఎన్" అని అడిగింది! ఈ ఇంట్లో నన్నింత మర్యాదగా అడిగినవాళ్లు లేరు. అంత పెద్ద మాటకి నిలబడ్డపాటున జవాబు చెప్పేస్తామా? సంబంధం వచ్చినా, స్థలం కొన్నా మనవాళ్లు నాలుగు రోజులు తీసుకోరూ? అందుకే తెరమీద తువ్వాలు కప్పి, స్టూడియోకి తాళం వేశాను. ఏమనమంటావ్?

ఇట్లు, ఆలోచనలో ఉన్న బాబాయి

తా.క. పోస్టుమాన్‌ని అడిగాను. "వై కొట్టేయండి, అవునంటే గొడవుండదు" అన్నాడు. నాకూ అదే సబబనిపిస్తోంది.

బాబాయ్!

ఎన్! ఎన్! ఎన్ కొట్టు! వై కొడితే పెళ్లి మొత్తం గల్లంతే! ఫోన్ ఎందుకెత్తవు?

ఇట్లు, వణుకుతూ బుజ్జమ్మ

తా.క. పోస్టుమాన్‌ని కీబోర్డు దగ్గరికి రానివ్వకు.

బుజ్జమ్మకి పిన్ని ముద్దులు.

నీ ఎన్ ఉత్తరం నా చేతికొచ్చింది. ఆయనకి ఇవ్వలేదు. ఆయన ఫోనూ నా బీరువాలోనే ఉంది. గుండెలు బాదుకోకు. నీ మొదటి ఉత్తరం చదివి, ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే జేబులోంచి తాళంచెవి తీసుకెళ్లి, ఆ తెర పక్కనే ఇంకో నల్ల తెర తెరిచాను. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టి పెళ్లివారింట్లో ఇచ్చొచ్చాను. కళ్లు మూసుకున్నవీ తీసేయలేదు. పెళ్లికూతురి తండ్రి నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫొటో చూసి ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు.

మీ బాబాయికి ఇదేం తెలీదు. ఆదివారం వచ్చేస్తోందని హడలిపోతూ, నా వెనకే వంటింట్లోకొచ్చి "ఏం చేద్దామంటావ్?" అని అడుగుతున్నారు. ఇల్లు కట్టినప్పుడు అడగలేదు. స్టూడియో పెట్టినప్పుడు అడగలేదు. నేను కాపురానికొచ్చాక నా మాట అడగడం ఇదే మొదటిసారి తల్లీ! ఎంత బాగుందో చెప్పలేను. శనివారం రాత్రి దాకా అడగనీ.

ఇట్లు, మీ పిన్ని

తా.క. వంటింటికి ఏ రంగు వేయిద్దామని కూడా ఆయన చేత అడిగించే కమాండ్ ఏదైనా ఉంటే రాసి పంపు. నా పేరు మీదే పంపు.