తొమ్మిదో టీ గ్లాసు

గాబెస్,
ఆదివారం.

గౌరవనీయులైన లజ్హర్ అన్నయ్యకు,

మూగబోయిన మన ఖర్జూర రైతుల ఆన్‌లైన్ బృందంలో టీ గ్లాసుల ఆట ప్రవేశపెట్టినది నేనే. సలహాతో పని నెరవేరినవారు గ్లాసు బొమ్మ పంపితేనే, అది సలహా చెప్పినవారి పేరు పక్కన చేరుతుంది. ఇప్పుడు రోజుకు నలభై ప్రశ్నలు వస్తున్నాయి.

"ఒరేయ్, గడ్డం నెరిశాక పలక పడతావా? గాడిదలు నవ్వుతాయి!" అని నేను బడిలో చేరిననాడు మీరన్న మాట మరువలేదు.

మంగళవారం ఎవరో మారుపేరుతో, నీళ్లు లాగని పంపు ఫొటో పెట్టారు. మూతకు నాన్నగారు బిగించిన రాగితీగను గుర్తుపట్టాను. నీళ్లలో మునిగిన గొట్టం చివరనుండే ఫుట్‌వాల్వు శుభ్రం చేయమని రాశాను. సాయంత్రానికి ఆ మారుపేరు నుంచే నా తొమ్మిదో గ్లాసు వచ్చింది. బృందంలో అన్ని గ్లాసులు మరెవరికీ లేవు.

మళ్లీ పంపు ఆగితే మీ పేరుతోనే అడగండి. తమ్ముణ్ణి అడగడంలో నామోషీ లేదు.

ఇట్లు,
రాత్రి బడిలో పట్టా పొందిన
మీ తమ్ముడు