బావకు జోడీ

తిరుపతి,
14-7-1983, గురువారం.

మహారాజశ్రీ బావగారు మునిరత్నం గారి సముఖానికి, మీ ఒక్కగానొక్క బామ్మర్ది ఆదిమూలం వంగి దండం పెట్టి రాసుకునే సంగతులు. ఇక్కడ లాడ్జీలో నేనూ, నల్లులూ క్షేమం. మర్యాద ఇంతటితో సరి. ఇకమీద నువ్వే.

బావా, ముందే చెబుతున్నాను, ఇది నీకు లాటరీ తగిలిందని నేనిచ్చిన దొంగ టెలిగ్రాం లాంటిది కాదు. అది నమ్మి నువ్వు ఊరంతా లడ్లు పంచిన మాట నిజమే, నేను నవ్వి నవ్వి మంచం మీంచి పడ్డ మాటా నిజమే. ఈసారి మాత్రం దేవకమ్మక్క మీద ఒట్టు.

నీ చేతుల జబ్బు కోసం మద్రాసు, బెంగళూరు, తిరుపతి డాక్టర్లు ఒక్కటయ్యారు! ఇన్నాళ్లూ ఎవరి రోగులను వాళ్లే చూసుకునేవాళ్లట. ఈ జబ్బున్నవాళ్లు ఒకచోట ఇద్దరు ముగ్గురికి మించి దొరకరు, వాళ్లను చూసి ఏం తేలుస్తారు? ఇప్పుడు అందరినీ ఒకే తీరున పరీక్ష చేసి, కలిపి చూస్తారట. నీకు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది అందుకే. నువ్వేమో, "నేనేమన్నా కుందేలునా అబ్బా, సూదులు గుచ్చి సూసుకునేదానికి? రాను పో" అని గోడవైపు తిరిగి పడుకున్నావు.

సరే, ఆ సూదులేవో ముందు నా మీద పడనీ అని సోమవారం నేనే వెళ్లాను. రోగినై!

కుడికాలు ఈడ్చుకుంటూ, మూలుగుతూ వరండాలో కూర్చున్నాను. సూళ్లూరుపేట నుంచి కూతురిని తీసుకొచ్చిన నాగులమ్మ అనే ఆమె జాలిపడి అరటిపండు పెట్టింది. తిని, కాఫీకి లేచాను. "ఏమప్పా, వచ్చేటప్పుడు కుడికాలు కదా ఈడ్సినావు, ఇప్పుడు ఎడంకాలు ఈడస్తా ఉండావే?" అని అందరి ముందూ అడిగేసింది. "జబ్బు ముదిరిందమ్మా" అన్నాను. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఒకరిది అరవం, ఒకరిది కన్నడం, నడుమ మన తిరుపతి డాక్టరమ్మ జ్ఞానాంబ. రబ్బరు సుత్తితో మోకాలి మీద కొట్టారు. తర్వాత భుజం కండలోకి సన్న సూది. కందిరీగ కుట్టినంత, అంతకు మించి లేదు. ఆ సూదికి తీగ, తీగకు ఒక పెట్టె. జబ్బుంటే ఊరకున్న కండ కూడా ఆ పెట్టెలో వానలో రేడియో మాదిరి గరగరలాడుతుందట. నాది కిక్కురుమనలేదు!

డాక్టరమ్మ కళ్లజోడు దించి, "ఏమయ్యా, దున్నపోతు మాదిరి ఉండావు. ఎవరిని మోసం చేసేదానికి వచ్చినావు?" అని నిలేసింది. నీ సంగతి కక్కేశాను. మామిడి అంట్లు కట్టే నీ చేతిలో ఇప్పుడు కత్తి నిలవడం లేదనీ, ముద్ద అక్కే కలిపి పెడుతోందనీ చెప్పాను. అంతా విని మద్రాసాయన నా వీపు చరిచి, వీణ్ని వదలొద్దని అరవంలో అరిచాడు.

ఎందుకంటావా? ఒక్కో రోగికీ పక్కన, అదే ఈడువాడు, అదే ఊరి నీళ్లు తాగి పెరిగినవాడు, జబ్బు లేనివాడు ఒకడు కావాలట, పోల్చి చూడడానికి. బాగున్నవాడు ఎవడు వచ్చి సూది పొడిపించుకుంటాడు? నేను వచ్చానే! నీకు జోడీ నేనే బావా! రక్తం తీశారు. మన ఊరి బావి నీళ్లు సీసాలో పట్టి తెమ్మన్నారు.

కండ మోటారైతే నరం కరెంటు తీగ అని చెప్పింది డాక్టరమ్మ. తీగ ఎందుకు మాడిపోతోందో తెలిస్తే చాలు, మందు వెనకే వస్తుందట!

నువ్వు రాకపోతే నా రక్తమంతా దండగ. పెళ్లికొడుకు లేని తోడిపెళ్లికొడుకును చేయకు నన్ను. వచ్చే బుధవారం పొద్దున మా ఓనరు జీపు అడిగి తోలుకొస్తాను. తెల్లపంచె కట్టుకుని అరుగు మీద కూర్చో. అక్కను పులిహోర కట్టమను, నాగులమ్మకు కూడా.

ఇట్లు,
దున్నపోతులాంటి నీ జోడీ,
ఆదిమూలం.

తా.క.: అక్కకు పైకి చదివి వినిపిస్తుంటావు కదా, ఇక్కడ ఆపి, మిగతాది మనసులో చదువుకో. మా బావ చేతులు మళ్లీ వస్తాయా అని డాక్టరమ్మను అడిగాను. "రావప్పా. మందు తేలేదానికి ఏండ్లు పడతాది. ఆయనకు అందదు. ఆశపెట్టి పిలుచుకొని రావద్దు" అంది. ఆశపెట్టే పిలవాలనుకుని పైదంతా రాశాను. కానీ నీకు నేనిచ్చిన లాటరీ టెలిగ్రాం ఒక్కటి చాలు. నాగులమ్మ కూతురికి ఇంకా ఇరవై దాటలేదు బావా. ఆ పిల్లకూ నీ జబ్బే, జడ వాళ్లమ్మే అల్లుతోంది. మన దామలచెరువు చుట్టూ నువ్వు కట్టిన బేనిషా మామిడి అంట్లు ఎన్ని తోటల్లో కాస్తున్నాయి! కట్టేటప్పుడు ఏనాడైనా కాయ ఎవరు తింటారని అడిగావా? బుధవారం హారను కొట్టను, పిలవను. అరుగు మీద తెల్లపంచె కనిపిస్తే జీపు ఆపుతాను.