తాపీ గుర్తు

పునీత అగాతా మఠం, వాల్మోరా
1589, ఈస్టరు ముందరి తపస్సు కాలం రెండో వారం

గోడలు కట్టే నాన్నకి,

నీకు చదవడం రాదు. ఈ ఉత్తరం ఎర్కోలే పాదిరిగారే చదివి వినిపిస్తారు. మంచిదే, ఆయనా విననీ.

మన వంశంలో మొదట అక్షరం నేర్చింది నేను. నేను చదివిన ఆదివారపు బడి పెట్టించింది మన గుళ్లన్నిటికీ పెద్దయిన అగ్రపీఠాధిపతి. ఇప్పుడు ఆయనే, నేతగాళ్ల పిల్లలకి చదువు చెప్పే మాలాంటి ఆడవాళ్లు వీధుల్లో తిరగకూడదు, సన్యాసం పుచ్చుకుని మఠంలో ఉండాలన్నారు. సరే, ఆయన పరాయివాడు. ఏడాదిలో సగం రోజులు రొట్టె, నీళ్లతో గడిపే మనిషికి మా నవ్వులు గిట్టవు. మరి నువ్వో? పొద్దున మఠం వీధి కిటికీకి అడ్డంగా ఇటుక పేరుస్తున్నది నువ్వే. "నాన్నా!" అన్నాను. "ఉండు తల్లీ, సున్నం గట్టిపడిపోతుంది" అన్నావు. నేను సన్యాసినినయ్యేందుకు ఒప్పుదల కాగితం మీద గుర్తు పెట్టిందీ నువ్వేనట, మఠం పెద్దమ్మ చెప్పింది. సున్నం గట్టిపడకూడదు, కూతురు మాత్రం గోడలో ఎండిపోవచ్చు. ఇక నాకు తండ్రి లేడు.

ఓర్సీనా


అదే మఠం
మ్రానికొమ్మల ఆదివారానికి ముందు రోజు

నాన్నా,

రేపే ప్రమాణాలు. అంతకుముందు ప్రతి కన్యనూ విడిగా కూర్చోబెట్టి, ఇష్టపడే వచ్చిందా అని అడగాలని మతపెద్దల మహాసభ పెట్టిన నియమం. అందరూ అవుననేస్తారు. ఇవాళ అడగడానికి అగ్రపీఠాధిపతే వచ్చారు. ఉపవాసాలతో పీక్కుపోయిన మొహం.

"ఇష్టపడే వచ్చావా?"

"లేదు ప్రభూ."

కలం ఆగింది. "మీ నాన్న ఒప్పుకున్నాడే" అంటూ కాగితం నా ముందుకు తోశారు.

దాని మీద నీ తాపీ బొమ్మ! గుడి కాగితాలకి శిలువ, పని కాగితాలకి తాపీ, చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కదా. కిటికీల పని కాగితమని పాదిరిగారు నీకు చదివి వినిపించారన్నమాట. ఆ రోజు కిటికీకి చివరి ఇటుక పెడుతూ "ఈస్టరుకి ఇంటికొచ్చెయ్, మేకపిల్లని కోస్తాం" అన్నావు. వెక్కిరింత అనుకున్నాను. నా మొదటి ఉత్తరం కూడా పాదిరిగారు తన ఇష్టం వచ్చినట్టే చదివి ఉంటారు. క్షమించు.

"మా నాన్నని మోసం చేశారు ప్రభూ. అయినా నియమం అడగమన్నది నన్ను, ఆయన్ని కాదు. ఆ నియమం మీ బడిలోనే చదివాను."

"నీకు చదువు చెప్పించింది ఎదురు తిరగడానికా?"

"చదివింది నమ్మాను, అంతే."

పురుగుని చూసినట్టు చూశారు. కానీ మహాసభ నియమాన్ని ఆయనా దాటలేకపోయారు. ప్రమాణాల జాబితాలో నా పేరు కొట్టేశారు. "నా పీఠంలో నువ్వు ఇంకెవరికీ అక్షరం చెప్పవు. రేపు తండ్రి వస్తే పో. రాకపోతే ఇక్కడే ఉంటావు" అన్నారు.

ఎర్కోలే పాదిరీ, ఈ ముక్క గొంతు తగ్గించకుండా చదవండి. చదవరని తెలుసు. అందుకే నాన్నా, కింద నీ తాపీ గీశాను. పక్కన తెరిచిన మఠం తలుపు, రేపటి పండుగ గుర్తుగా మ్రానికొమ్మ, గుమ్మంలో ఒక పిల్ల. వీటిని చదివిపెట్టే మనిషి నీకు అక్కర్లేదు.

నీ ఓర్సీనా